అమ్మానాన్నలకు విడి పాలసీలు, మాకు ఫ్లోటర్, పైన సూపర్ టాప్‌అప్

ఆరోగ్య బీమా తీసుకుంటున్నామంటే చుట్టాలు మొదట అడిగేది "ఏ కంపెనీ?" అని. ఏళ్లుగా మా ఇంట్లో నాలుగు రకాల పాలసీలు నడుపుతున్నాను, దాదాపు అన్నిట్లోనూ క్లెయిములు చూశాను. కంపెనీ సంగతి తర్వాత. ఎవరెవరు ఒకే పాలసీలో ఉండాలి, ఎవరు విడిగా ఉండాలి అన్నది ముందు తేల్చుకోవాలి.

మాకున్నవి ఇవీ: నాకూ నా భార్యకూ పిల్లలకూ కలిపి ఫ్యామిలీ ఫ్లోటర్ (ఇంటిల్లిపాదీ ఒకే బీమా మొత్తాన్ని పంచుకునే పాలసీ), దాని మీద సూపర్ టాప్‌అప్ (ఏడాది ఆసుపత్రి ఖర్చు ఒక హద్దు దాటాక పనికొచ్చే అదనపు పాలసీ), అమ్మకొకటి నాన్నకొకటి విడి పాలసీలు, ఇవి కాక ఆఫీసు వాళ్లిచ్చే గ్రూప్ పాలసీ.

అమ్మానాన్నలను కూడా ఫ్లోటర్‌లోనే వేయమని ఏజెంటు గట్టిగా చెప్పారు. ఒకటే పాలసీ, ఒకటే రెన్యువల్, తలనొప్పి ఉండదన్నారు. నేను ఒప్పుకోలేదు. ఫ్లోటర్‌లో అందరికంటే పెద్దవారి వయసును బట్టి ప్రీమియం లెక్కగడతారు. నాన్న అందులో ఉంటే ఆయన వయసు భారం మా అందరి మీదా పడేది. పైగా బీమా మొత్తం అందరికీ ఉమ్మడి. నాన్నకు మోకీలు మార్పిడి చేయించిన ఏడాది ఆయన పాలసీ మొత్తం ఇంచుమించు అయిపోయింది. అదే ఏడాది మా చిన్నవాడికి డెంగీ వచ్చింది. అప్పటికి మా ఫ్లోటర్‌లో ఒక్క రూపాయీ కదల్లేదు కాబట్టి ధైర్యంగా ఆసుపత్రిలో చేర్చాం. వాడిన మొత్తాన్ని మళ్లీ నింపే రెస్టోరేషన్ ఉంది కదా అంటారు. కొన్ని పాలసీల్లో అదే మనిషికి అదే జబ్బు మళ్లీ వస్తే అది పనిచేయదు, ఆ నిబంధన చదివి చూసుకోండి.

నేను అన్నిటికంటే పట్టుబట్టి చూసింది రూమ్ రెంట్ పరిమితి. అది లేని పాలసీలే తీసుకున్నాను, అందుకు ప్రీమియం కొంచెం ఎక్కువైనా. ఎందుకో మా బాబాయి బిల్లు చూస్తే తెలుస్తుంది. ఆయనది 5 లక్షల పాలసీ, గది అద్దె రోజుకు బీమా మొత్తంలో ఒక శాతం, అంటే 5,000 వరకే. తీసుకున్న గది 8,000. డిశ్చార్జి రోజు బిల్లింగ్ కౌంటర్ దగ్గర కాగితం పట్టుకుని, "ఒరేయ్, రోజుకు మూడు వేలే కదా తేడా! ఇంత కోత ఏమిట్రా?" అన్నారు. కోత గది అద్దెతో ఆగదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ లాంటివన్నీ కలిపి 1,60,000 అయితే, 5,000కూ 8,000కూ ఉన్న నిష్పత్తిలో లక్షే ఇచ్చారు. 60,000 జేబులోంచి కట్టారు, గది తేడా వేరే. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలకు ఈ కోత వేయకూడదని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన ఉండబట్టి అక్కడితో సరిపోయింది. అప్పటినుంచీ ఎవరు సలహా అడిగినా బీమా మొత్తం ఎంతని కాదు, రూమ్ రెంట్ గురించి ఏం రాశారో చూపించమంటాను.

సూపర్ టాప్‌అప్ మీద నాకు చాలా మంచి అభిప్రాయం ఉంది. తక్కువ ప్రీమియంతో పెద్ద మొత్తానికి భరోసా. కానీ "టాప్‌అప్" అని ఉన్న ప్రతిదీ ఒకటి కాదు. డిడక్టబుల్, అంటే ముందుగా మనమో కింది పాలసీయో భరించాల్సిన మొత్తం, 5 లక్షలనుకోండి. ఏడాదిలో రెండుసార్లు నాలుగేసి లక్షల బిల్లు అయితే, మామూలు టాప్‌అప్ పైసా ఇవ్వదు, ఏ ఒక్క బిల్లూ 5 లక్షలు దాటలేదు కాబట్టి. సూపర్ టాప్‌అప్ రెండూ కలిపి 8 లక్షలని చూసి, పైనున్న 3 లక్షలు ఇస్తుంది. ప్రీమియంలో స్వల్ప తేడా కోసం మొదటిది తీసుకోవద్దు.

ఆఫీసు పాలసీలో పాత జబ్బులకు మొదటి రోజు నుంచే కవరేజీ ఉంది. అమ్మ శుక్లాల ఆపరేషన్ అందులోనే చేయించాం. ఉద్యోగం ఉన్నన్నాళ్లే అది మనది, అందుకే దాన్ని నమ్ముకుని సొంత పాలసీ మానలేదు.

ఇక అసంతృప్తి అంతా అమ్మ పాలసీ మీదే. ఆమెకు బీపీ, షుగర్ ఉన్నాయని ప్రపోజల్ ఫారంలో దాచకుండా రాశాం. ఒక కంపెనీ ఇవ్వనంది, ఇచ్చిన కంపెనీ 20 శాతం కో-పే పెట్టింది. లక్ష బిల్లయితే ఇరవై వేలు మనమే కట్టాలి. క్లెయిము వచ్చినప్పుడు మాత్రం పాత జబ్బుల గురించి ఒక్క ప్రశ్నా రాలేదు, అన్నీ ముందే రాసి ఉన్నాయి కాబట్టి. క్యాష్‌లెస్ (బిల్లు కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే పద్ధతి) అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఐఆర్‌డీఏఐ ఆదేశించింది. మా అనుభవంలో మొదటిది వేగంగానే వచ్చింది. రెండోదానికి నీరసంగా ఉన్న మనిషిని సాయంత్రం దాకా కుర్చీలో కూర్చోబెట్టారు. అది నాకు చాలా బాధనిపించింది.

పెద్దవాళ్ల ప్రీమియాలు ఏటా పెరుగుతూనే ఉన్నాయి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత, ఫ్లోటర్ పాలసీల మీద 18 శాతం జీఎస్టీ ఎత్తేయడం మా ఇంటికి నిజమైన ఊరట. పాత జబ్బులకు వెయిటింగ్ (కవరేజీ మొదలయ్యేదాకా ఆగాల్సిన కాలం) గరిష్ఠంగా మూడేళ్లే అని 2024లో తగ్గించడం ఇప్పుడు కొత్తగా తీసుకునేవాళ్లకు ఇంకా పెద్ద మేలు.

అమ్మను కో-పే లేని ప్లాన్‌లోకి పోర్ట్ చేయించే, అంటే వేరే కంపెనీకి మార్పించే ప్రయత్నంలో ఉన్నాను. ఇప్పటిదాకా గడిచిన వెయిటింగ్ కాలం పాత బీమా మొత్తం మేరకు కొత్త కంపెనీలోనూ లెక్కకొస్తుంది. కొత్తవాళ్లు ఒప్పుకుంటారన్న హామీ లేదు. అందుకే రెన్యువల్‌కు రెండు నెలల ముందే దరఖాస్తు పెడుతున్నాను, కుదరకపోతే పాతది చేజారకుండా ఉండేలా.