పాత టీవీ గేమ్ కొనాలంటే ఏది మేలు: మనింటి మీడియా బాక్సా, జపాన్ ఫ్యామికామా?

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్, వనపర్తి వైపు 90ల్లో పెరిగినవాళ్లలో చాలామందికి ఇప్పుడు పాత టీవీ గేమ్ ఒకటి ఇంట్లో ఉంచుకోవాలని ఉంది. జీతం వస్తోంది, పిల్లలు ఆడే వయసుకు వచ్చారు. కొనాలనుకోగానే రెండు దారులు కనిపిస్తాయి. అప్పట్లో మన ఇళ్లలోకి మీడియా, లిటిల్ మాస్టర్ లాంటి పేర్లతో వచ్చిన టీవీ గేమ్ బాక్సుల్ని వెతికి పట్టుకోవడం ఒకటి. వాటికి మూలమైన నింటెండో ఫ్యామికామ్‌ను జపాన్ నుంచి తెప్పించుకోవడం రెండోది. నన్నడిగితే మొదట మన బాక్సే కొనమంటాను. ఆ తర్వాత డబ్బులు మిగిలితే జపాన్ మెషిన్ జోలికి పోకుండా జపాన్ కేసెట్లు కొనమంటాను. ఎందుకో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇందులో కరెంటు దగ్గర్నుంచి సజ్జ మీది వేడి దాకా చాలా సంగతులున్నాయి.

ఫ్యామికామ్ 1983 జులైలో జపాన్‌లో వచ్చింది. అదే మెషిన్ 1985లో అమెరికాలో రూపం మార్చుకుని ఎన్‌ఈఎస్ అయింది. రెండూ కలిపి ప్రపంచమంతా 6 కోట్లకు పైగా అమ్ముడయ్యాయి. మన దగ్గరికి మాత్రం ఎక్కువగా వచ్చినవి తైవాన్, చైనా ఫ్యాక్టరీలు చేసిన నకళ్లు. అవి ఫ్యామికామ్‌ను చూసి చేసినవి కాబట్టి కేసెట్ పెట్టే చోట 60 పిన్నులే ఉంటాయి. అమెరికా ఎన్‌ఈఎస్‌కు 72 పిన్నులు, ఆ కేసెట్ మన బాక్సులో దూరదు. జపాన్ ఫ్యామికామ్ కేసెట్ మాత్రం మన మీడియాలో నేరుగా కూర్చుంటుంది. చాలామందికి తెలియని ఈ ఒక్క విషయం వల్లే లెక్క మన బాక్సు వైపు మొగ్గుతుంది.

ముందు కరెంటు సంగతి. జపాన్‌లో ఇళ్లకు వచ్చేది 100 వోల్టులు, మనకు 230. జపాన్ అడాప్టర్‌ను మన ప్లగ్గులో పెడితే అది కాలిపోతుంది, దాంతోపాటు మెషిన్ కూడా పోవచ్చు. వేరే అడాప్టర్ కొనాలంటే అక్కడా జాగ్రత్త పడాలి. ఫ్యామికామ్‌కు కావలసింది 10 వోల్టుల డీసీ, పిన్ను మధ్యలో మైనస్. మన బజార్లో దొరికే మామూలు అడాప్టర్లలో మధ్యలో ప్లస్ ఉండేవే ఎక్కువ. గిటార్ పెడళ్లకు వాడే 9 వోల్టుల అడాప్టర్‌లో మధ్యలో మైనస్ ఉంటుంది, అది పనికొస్తుంది. కానీ 850 మిల్లీ ఆంపియర్లకు తగ్గకుండా ఇచ్చేదై ఉండాలి. అది మ్యూజిక్ సామాన్లమ్మే షాపులోనే అడగాలి.

మన బాక్సుల అడాప్టర్ 230 వోల్టులకే చేసింది కాబట్టి ఆ భయం లేదు. అయితే పాత అడాప్టర్ లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉంటుంది, బయట వోల్టేజీ పెరిగితే లోపలికిచ్చేదీ పెరుగుతుంది. ఊళ్లలో బోరు మోటార్లు ఆన్ అయినప్పుడు, ఆగినప్పుడు వోల్టేజీ ఎట్లా ఊగుతుందో మనకు తెలుసు. అందుకే పాత అడాప్టర్‌ను భద్రంగా డబ్బాలో పెట్టి, ఆడేటప్పుడు ఎస్ఎంపీఎస్ రకం కొత్త అడాప్టర్ వాడటం మంచిది. 100 నుంచి 240 దాకా ఎంత వచ్చినా అది ఒకే వోల్టేజీ ఇస్తుంది. కొనేముందు బాక్సు అడుగున రాసి ఉన్న వోల్టులు, ప్లస్ మైనస్ గుర్తు చూసుకోవాలి. నకళ్లలో ఒక్కో కంపెనీ ఒక్కో తీరుగా పెట్టింది.

ఇక బొమ్మ. 1983 ఫ్యామికామ్‌కు యాంటెన్నా తీగ ద్వారానే బొమ్మ వస్తుంది. జపాన్ ఛానెళ్ల లెక్క వేరు, శబ్దం పంపే తీరు వేరు, రంగుల పద్ధతి ఎన్‌టీఎస్‌సీ. మన పాత టీవీలు పాల్ పద్ధతివి. కాబట్టి ఆ మెషిన్‌లో ఏవీ అవుట్ (బొమ్మను, శబ్దాన్ని విడి జాక్‌ల ద్వారా టీవీకి పంపే ఏర్పాటు) పెట్టించనిదే ఇక్కడ ఆడటం కష్టం. 1993లో వచ్చిన కొత్త రకం ఫ్యామికామ్‌లో ఏవీ కంపెనీ నుంచే ఉంటుంది గానీ దాని ధర ఎక్కువ. మన మీడియా బాక్సుకు పసుపు, తెలుపు జాక్‌లు పెట్టి ఆన్ చేస్తే చాలు, రంగులతో సహా వచ్చేస్తుంది.

ఇంతవరకు మన బాక్సుకే మొగ్గు. లోపల విప్పి చూస్తే సంగతి అంత సులువు కాదు. నకళ్లలో రెండు జాతులున్నాయి. మొదట్లో వచ్చినవాటిలో పెద్ద బోర్డు మీద యూఎంసీ అనే తైవాన్ కంపెనీ చేసిన 6527, 6538 నంబర్ల చిప్పులు, పక్కన మెమరీ చిప్పులు విడివిడిగా కనిపిస్తాయి. తర్వాత వచ్చినవాటిలో ఇవన్నీ ఒకే చిప్పులోకి కుదించి, దాని మీద నల్లటి బంక చుక్క పోశారు. మొదటి జాతి బాగుచేయదగ్గది. ఏ చిప్పు పోయిందో కనిపెట్టవచ్చు, దాన్ని తీసి మరొకటి వేయవచ్చు. రెండో దాంట్లో ఆ నల్ల చుక్క పోతే బోర్డు మొత్తం పోయినట్టే. జపాన్ ఫ్యామికామ్ ఈ విషయంలో రెండింటికన్నా గట్టిది. సోల్డరింగ్ శుభ్రంగా ఉంటుంది, సర్క్యూట్ బొమ్మలు దొరుకుతాయి, ఏ భాగం ఎందుకు పోతుందో ప్రపంచమంతా రాసి పెట్టారు.

అందుకే మన బాక్సు కొనేటప్పుడు పైన కంపెనీ పేరు చూసి ధర కట్టొద్దు, నాలుగు స్క్రూలు విప్పించి బోర్డు చూడండి. చిప్పులు విడిగా ఉన్న బాక్సుకు రెట్టింపు ఇచ్చినా తప్పు లేదు. ఆన్ కావట్లేదని అమ్మేసే బాక్సుల్లో లోపం తరచు 7805 అనే రెగ్యులేటర్ (వోల్టేజీని అదుపులో ఉంచే భాగం)లోనో, కెపాసిటర్లలోనో, పవర్ స్విచ్చిలోనో ఉంటుంది. ఇవి పెద్ద ఖరీదైన సామాన్లు కావు. పాత టీవీలు బాగుచేసే మెకానిక్ దగ్గర ఉంటాయి, లేకుంటే హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో దొరుకుతాయి. నల్గొండలో ఒక పెద్దాయన ఇట్లాంటి బాక్సు విప్పి చూసి, "అన్నా, ఇది కాలలే, దుమ్ము వట్టింది అంతే" అన్నారు. అరగంటలో బొమ్మ వచ్చింది. ఆయనలాంటి మెకానిక్‌లు ఇంకా పని చేస్తున్నప్పుడే మన బాక్సుల్ని బాగుచేయించుకోవాలి.

ఆడేటప్పుడు తేడా ఉంటుందా అంటే ఉంటుంది. జపాన్ ఆటలు సెకనుకు 60 ఫ్రేములకు, అంటే తెర మీద సెకనుకు 60 సార్లు బొమ్మ మారేట్టు, రాసినవి. మన పాల్ బాక్సు 50 చూపిస్తుంది. అందుకే అదే మారియో మన దగ్గర ఆరో వంతు నెమ్మదిగా పరిగెత్తుతాడు, పాట కూడా అంతే నెమ్మదిగా సాగుతుంది. పైగా యూఎంసీ చిప్పుల్లో కొన్నింటిలో రెండు రకాల స్క్వేర్ వేవ్ శబ్దాలు తారుమారయ్యాయి, దాంతో మోత కొంచెం వేరుగా ఉంటుంది. సాంకేతికంగా చూస్తే అసలుదే సరైనది. కానీ మీడియా మీద కాంట్రా ఆడి పెరిగినవాళ్లకు జపాన్ మెషిన్ పెట్టగానే ఆట వేగంగా, పాట కొత్తగా అనిపిస్తుంది. మీ చెవిలో ఉన్న పాట కావాలంటే అది మన బాక్సులోనే ఉంది. ఈ కారణం నాకు మిగతా అన్నింటికన్నా బలమైనది.

కేసెట్ల దగ్గర మాత్రం నా ఓటు జపాన్‌కే. మన 9999 ఇన్ 1 కేసెట్లలో నిజంగా ఉండే ఆటలు కొన్నే, అవే పేర్లు మార్చుకుని, లెవెల్ మార్చుకుని మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ మెనూ పాట కోసం, స్టిక్కర్ మీది బొమ్మ కోసం ఒకటి దగ్గర ఉండాల్సిందే. కానీ లోపల బోర్డు పల్చన, పిన్నుల పూత పల్చన. జపాన్ కేసెట్లో బోర్డు మందం, పూత గట్టిది, మామూలు ఆటలైతే ధర కూడా మరీ ఎక్కువేమీ కాదు. తెప్పించే ఖర్చు, కస్టమ్స్ కలిస్తే కేసెట్ ధరను దాటేస్తుంది కాబట్టి ఒక్కొక్కటి కాకుండా నాలుగైదు కలిపి తెప్పించుకోవాలి.

జపాన్ కేసెట్లలో కొన్నింటిలో బటన్ బ్యాటరీ ఉంటుంది. 1987 నాటి ఫైనల్ ఫాంటసీ లాంటి పెద్ద ఆటల్లో ఆట ఎక్కడిదాకా వచ్చిందో గుర్తుపెట్టుకునేది అదే. ఇన్నేళ్ల తర్వాత అది చచ్చిపోయి ఉండొచ్చు. ఆట ఆడటానికి ఇబ్బంది లేదు, సేవ్ మాత్రం నిలవదు. మార్పించేటప్పుడు బటన్ సెల్ మీద నేరుగా సోల్డరింగ్ ఐరన్ పెట్టనివ్వకండి, వేడికి అది పగలొచ్చు. ముందే రేకులు అతికించిన సెల్ దొరుకుతుంది, అదే వేయించండి.

శుభ్రం చేయడంలో అందరూ చేసే పని నోటితో ఊదడం. ఊదినప్పుడు పనిచేసినట్టు అనిపించడానికి కారణం గాలి కాదు, కేసెట్ తీసి మళ్లీ పెట్టడం వల్ల పిన్నులు కొత్తగా తగలడం. నోటి తడి మాత్రం పిన్నుల మీద ఉండిపోయి తుప్పు పట్టిస్తుంది. ఊదడం, రబ్బరుతో రుద్దడం, ఐపీఏతో తుడవడం ఈ మూడింట్లో మూడోదే చేయండి. ఐపీఏ అంటే మొబైల్ రిపేరు షాపుల్లో బోర్డులు కడిగే స్పిరిట్. దూదిపుల్లను అందులో ముంచి, పిన్నుల పొడవునా తుడిచి, ఆరనివ్వాలి. రబ్బరు మొండి మరకకు ఒక్కసారి పనికొస్తుంది గానీ, పదే పదే రుద్దితే పూత పోతుంది. మన పల్చని కేసెట్లకు అసలే వద్దు. పెట్రోలు, థిన్నర్ ప్లాస్టిక్‌ను తినేస్తాయి.

పై డబ్బాలను సబ్బు నీళ్లతో కడగవచ్చు, బోర్డు పూర్తిగా బయటికి తీసిన తర్వాతే. నల్గొండ వైపు బోరు నీళ్లతో మాత్రం కడగొద్దు. ఆరాక తెల్లటి చారలు మిగులుతాయి. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ డబ్బా ఒకటి కొంటే చాలాకాలం వస్తుంది, చివరి కడుగు దాంతో కడగండి. పసుపెక్కిన ప్లాస్టిక్‌ను తెల్లగా చేయడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ పూసి ఎండలో పెడతారు. మన ఎండకు అది తొందరగానే పనిచేస్తుంది, కానీ మచ్చలు మచ్చలుగా వస్తుంది, కొన్నేళ్లకు మళ్లీ పసుపెక్కుతుంది కూడా. పసుపు వల్ల ఆటకు ఏ నష్టమూ లేదు. ఉండనివ్వండి.

ఇక ఎక్కడ పెట్టాలి: సజ్జ మీదా, బీరువాలోనా? మే నెలలో స్లాబు కింది సజ్జ పొయ్యిలా కాగుతుంది. కెపాసిటర్లలోని ద్రవం వేడికి ఎండిపోతుంది, స్టిక్కర్ల జిగురు ఊడుతుంది, తీగల మీది మెత్తటి ప్లాస్టిక్ జిడ్డు కారి పక్కనున్న డబ్బాను కరిగిస్తుంది. బీరువా కింది అర చాలా మేలు. జాయ్‌స్టిక్ తీగల్ని బాక్సు చుట్టూ చుట్టకుండా విడిగా కాగితంలో చుట్టి పెట్టండి. మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో రెండు సిలికా జెల్ పొట్లాలు ఉంటే బొద్దింకల బెడద, వానాకాలం చెమ్మ రెండూ తప్పుతాయి. రబ్బరు బ్యాండ్లు వేయొద్దు, అవి కరిగి అంటుకుపోతాయి.

సెగా మెగా డ్రైవ్ గురించి కూడా కొందరు అడుగుతారు. 90ల మధ్యలో మన దేశంలో షా వాలెస్ కంపెనీ దాన్ని అమ్మింది. మంచి మెషిన్, బొమ్మ ఫ్యామికామ్ కన్నా ఎంతో మెరుగు. కానీ మన జిల్లాల్లో అప్పుడు కొన్న ఇళ్లు తక్కువ, ఇప్పుడు దొరకడమూ తక్కువ. దొరికితే వదలొద్దు, దానికోసమే తిరగాల్సిన పని లేదు.

మన బాక్సును ముందు పెట్టుకోమనడానికి ఇంకో కారణం ఉంది. జపాన్ ఫ్యామికామ్‌ను కాపాడేవాళ్లు లోకమంతా ఉన్నారు. దేవరకొండలోనో కల్వకుర్తిలోనో అమ్మిన బాక్సు మీది స్టిక్కరు, అట్టపెట్టె, వారంటీ కార్డు, షాపు ముద్ర ఉన్న బిల్లు గురించి పట్టించుకునేది మనమే. బాక్సు దొరికినప్పుడు వీటిని కూడా అడిగి తీసుకోండి, ఫోటోలు తీసి పెట్టండి, లోపలి బోర్డు ఫోటోతో సహా. పాత సామాన్ల షాపుల్లో బాక్సును ఉంచి అట్టపెట్టెను పారేస్తారు. ముందే చెప్పి ఉంచితే దాచిపెడతారు.

ఇదంతా అయ్యాక టీవీ. ఎల్ఈడీ టీవీలో బొమ్మ వస్తుంది, కానీ బటన్ నొక్కడానికీ మారియో ఎగరడానికీ మధ్య కొంచెం ఆలస్యం తెలుస్తుంది. బాతుల్ని కాల్చే గన్ అయితే అందులో అసలే పనిచేయదు. ట్రిగ్గర్ నొక్కగానే తెర ఒక్క క్షణం నల్లబడి, బాతు ఉన్నచోట తెల్ల చతురస్రం వెలుగుతుంది. గన్ ఆ వెలుగును సరైన క్షణంలో పట్టుకోవాలి. పాత పిక్చర్ ట్యూబ్ టీవీలోనే ఆ లెక్క కుదురుతుంది. కాబట్టి ఇంట్లో మూలన పడున్న టీవీని ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేయకండి. లేకుంటే 14 లేదా 21 అంగుళాలది, వెనక ఏవీ సాకెట్ ఉన్నది చూసి తీసుకోండి. దాన్ని మాత్రం మీరు విప్పొద్దు. ప్లగ్గు తీసినా ట్యూబులో వోల్టేజీ నిలిచి ఉంటుంది, ఆ పని మెకానిక్‌దే.