కొండెక్కే ముందే కారులో శబ్దం ఆచూకీ తీయండి: చిత్తూరు నుంచి తిరుమల దాకా

సొంత కారులో తిరుమలకు వచ్చేవాళ్లకు దారిలో ఏదో ఒక కొత్త శబ్దం వినిపించడం మామూలే. ఇంట్లో ఉన్నప్పుడైతే ఆదివారం చూద్దాంలే అని వదిలేస్తాం. ఇక్కడ అలా కుదరదు. అలిపిరి గేటు దాటితే దాదాపు 18 కి.మీ. మిట్ట, తిరుగు దారిలో 19 కి.మీ. దిగుడు. దిగడానికి వాడేది 1944లో తెరిచిన పాత ఘాట్ రోడ్డు, అందులో 36 మెలికలు. పైన గదులు, దర్శనం దొరికినంత సులువుగా మెకానిక్ దొరకడు. అందుకే ఆ శబ్దం ఎక్కడిదో కిందే తేల్చుకోవాలి. అదృష్టం ఏమిటంటే, ఈ దారిలోని ఒక్కో రోడ్డు ఒక్కో రకం శబ్దాన్ని బయటపెడుతుంది.

మొదట అనుమానించాల్సింది సామాన్లను. డిక్కీ పూర్తిగా ఖాళీ చేసి స్టెప్నీ, జాకీ, వీల్ పానా చేత్తో కదిపి చూడండి. చాలా కార్లలో జాకీని దాని గూట్లో పెట్టి, స్క్రూ తిప్పి కాస్త పైకి లేపితేనే అది బిగుసుకుంటుంది. లేపకుండా వదిలేస్తే ప్రతి గుంతకీ ‘ఠంగ్’ మంటుంది. వెనక సీటు ఖాళీగా ఉంటే సీటు బెల్టు బకిల్ పక్క ప్లాస్టిక్‌కి కొట్టుకుంటుంది. పైన క్యారియర్‌కి కట్టిన తాడు చివర వదులుగా ఉంటే 60 దాటాక గాలికి బుర్రుమంటుంది, తాడుని ఒక మెలిక వేసి కడితే చాలు. కాణిపాకంలో వాహన పూజ చేయించినవాళ్లు ఇంకొకటి చూడాలి. దండ కట్టిన సన్నని ఇనుప తీగ కొస గ్రిల్‌కి తగులుతూ ఉంటుంది. పూలు రాలిపోయినా తీగ అక్కడే ఉంటుంది కాబట్టి దాని మీదికి ఎవరి దృష్టీ పోదు.

వెంట ఉంచుకోవాల్సినవి పెద్ద ఖర్చు కావు. మీటరు పొడవు రబ్బరు ట్యూబు, టార్చి, 10 నంబరు స్పానర్, రెండు మూడు హోస్ క్లిప్పులు, ప్యాకింగ్ టేపు, టైరు గాలి చూసే గేజి. ట్యూబు ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని రెండో కొసను బానెట్ కింద కదిలిస్తుంటే శబ్దం ఎక్కడ గట్టిపడుతుందో తెలుస్తుంది. తిరిగే బెల్టుకీ ఫ్యానుకీ మాత్రం జానెడు దూరం ఉంచండి.

చిత్తూరు–తిరుపతి ఆరు లైన్ల రోడ్డు, సుమారు 70 కి.మీ., చక్రాల శబ్దానికి మంచి పరీక్ష. ట్రాఫిక్ లేని చోట ఎడమ లైన్‌లో 40, 60, 80 దగ్గర కాసేపు నిలకడగా నడపండి. శబ్దం స్పీడుతో పెరుగుతోందా, ఇంజిన్ తిరిగే వేగంతో పెరుగుతోందా అన్నదే మొదటి ప్రశ్న. 60లో ఉండగా క్లచ్ తొక్కి పట్టుకుంటే ఇంజిన్ నెమ్మదిస్తుంది. శబ్దం అలాగే ఉంటే అది చక్రాల వైపుది, తగ్గిపోతే ఇంజిన్ వైపుది. ఆటోమేటిక్ కారైతే ఒక పక్క ఆపి, న్యూట్రల్‌లో అదే ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దాకా రేజ్ చేసి వినండి. ఈ పరీక్ష చదును రోడ్డు మీదే చేయాలి. వాలులో క్లచ్ తొక్కడం, నడుస్తుండగా ఇంజిన్ ఆపడం రెండూ ప్రమాదం. ఇంజిన్ ఆగితే బ్రేకూ స్టీరింగూ బండబారిపోతాయి.

చక్రాల వైపు నుంచి ‘గుంయ్’ మని ఎడతెగని మోత వస్తుంటే బేరింగో టైరో తేల్చాలి. పొడుగాటి వంపుల్లో వింటే ఇది తెలుస్తుంది. కారు కుడికి తిరిగితే బరువు ఎడమ చక్రాల మీద పడుతుంది. అప్పుడు మోత పెరిగితే అనుమానం ఎడమ బేరింగ్ మీద, ఎడమకు తిరిగినప్పుడు పెరిగితే కుడి దాని మీద. టైరు మోత అయితే వంపుల్లో పెద్దగా మారదు, రోడ్డు గరుకు మారినప్పుడు మారుతుంది. టైరు ట్రెడ్ (రోడ్డుని తాకే గాళ్ల భాగం) మీద అరచేతిని ముందుకీ వెనక్కీ రాయండి. ఒక దిశలో నునుపుగా, రెండో దిశలో రంపం పళ్లలా తగిలితే అరుగుదల సమంగా లేనట్టే. అలాంటి టైరుకి బేరింగ్ మార్చినా మోత పోదు. ‘టిక్ టిక్’ మని స్పీడుతో పాటు వేగం పెంచుకునేది చాలాసార్లు ట్రెడ్‌లో ఇరుక్కున్న కంకర రాయి. మేకో స్క్రూవో అయితే పంక్చర్ షాపు చేరేదాకా పీకొద్దు.

తిరుపతి ఊళ్లోకి వచ్చాక గరుడ వారధి (శ్రీనివాస సేతు) ఫ్లైఓవర్ సస్పెన్షన్ సంగతి చెబుతుంది. శ్లాబుల మధ్య అతుకుల మీద 30–40 స్పీడులో వెళ్తూ అద్దాలు దించండి. పక్క గోడ శబ్దాన్ని వెనక్కి కొట్టడం వల్ల కారులో మామూలుగా వినపడనిది కూడా వినపడుతుంది. రోడ్డు మీద చిన్న చిన్న ఎగుడుదిగుళ్లకి ముందు నుంచి ‘టక టక’ మంటూ, స్పీడ్ బ్రేకర్ మీద రెండు చక్రాలూ ఒకేసారి ఎక్కినప్పుడు మాత్రం శబ్దం లేకపోతే స్టెబిలైజర్ (ఎడమ, కుడి చక్రాల సస్పెన్షన్‌ని కలిపే కడ్డీ) లింక్ అరిగిందని గట్టిగా అనుమానించవచ్చు. రెండు చక్రాలు కలిసి లేస్తే ఆ కడ్డీకి మెలి పడదు, ఒక్కటే లేస్తే పడుతుంది. బ్రేకు వేయగానే, కదలగానే ఒక్క ‘దడ్’ మంటే లోయర్ ఆర్మ్ (చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే చేయి) రబ్బరు బుష్ చూపించండి. నిలబెట్టిన కారులో స్టీరింగ్ తిప్పితే స్ప్రింగ్ దగ్గర ‘టంగ్’ మనేది స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బర్ కలిసిన భాగం) పైన ఉండే మౌంట్.

బస విషయంలో కారు ఉన్నవాళ్లు గది కంటే ముందు పార్కింగ్ అడగాలని మా అభిప్రాయం. రైల్వే స్టేషన్ ఎదురుగా విష్ణు నివాసం, బస్టాండు ఎదురుగా శ్రీనివాసం బస్సులో, రైల్లో వచ్చేవాళ్లకు చాలా అనువు. కానీ ఆ చుట్టుపక్కల తెల్లవార్లూ హారన్లే, అక్కడ కారు చప్పుడు వినడం కష్టం. శబ్దం వెతకాలంటే సొంత సెల్లార్ ఉన్న లాడ్జి మేలు. కపిలతీర్థం, అలిపిరి వైపు రోడ్లు తెల్లవారుజామున కాస్త నిశ్శబ్దంగా ఉంటాయి, పైగా కొండకు దగ్గర. తాళాలు తీసుకుని వాళ్లే వేరే చోట పార్క్ చేసే లాడ్జిలు ఈ పనికి పనికిరావు. రాత్రంతా చల్లారిన ఇంజిన్‌ని పొద్దున మొదటిసారి మీరే స్టార్ట్ చేసి వినాలి. కొన్ని చప్పుళ్లు ఆ మొదటి నిమిషంలోనే ఉంటాయి.

స్టార్ట్ చేయగానే ‘కీచు’ మని ఏసీ వేస్తే ఎక్కువయ్యేది బెల్టు. దాని పక్కల మీద కొంచెం నీళ్లు చిలకరించండి. కాసేపు ఆగి మళ్లీ మొదలైతే బెల్టు పాతబడింది లేదా పుల్లీ వరస తప్పింది. నీళ్లు పడగానే ఇంకా గట్టిగా అరిస్తే బెల్టు వదులైంది. ఒక ఆర్‌పీఎం దగ్గర మాత్రమే రేకు మోగినట్టు వస్తే సైలెన్సర్ మీద వేడి ఆపడానికి ఉండే రేకు, హీట్ షీల్డ్ చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పిడికిలితో తట్టితే దొరికిపోతుంది. తుప్పు పట్టి ఊడిన చోట పెద్ద హోస్ క్లిప్పు బిగిస్తే యాత్ర అయ్యేదాకా నిలుస్తుంది.

ఇక సర్వీసు. రేణిగుంట రోడ్డు వైపు షోరూం సర్వీస్ సెంటర్లకు వెళ్తే అసలు పార్టు దొరుకుతుంది, బిల్లు ఉంటుంది. కానీ పండగ రోజుల్లో అదే రోజు బండి తిరిగి రావడం అనుమానం. వారంటీ ఉన్న కారుకి మాత్రం వేరే ఆలోచన అక్కర్లేదు. ఆటోనగర్‌లో బేరింగ్ నొక్కడం, బుష్ మార్చడం లాంటివి త్వరగా అవుతాయి, చెవితో పట్టే అనుభవమున్న మేస్త్రీలు అక్కడే ఎక్కువ. ఎక్కడికి వెళ్లినా ‘ఏదో శబ్దం వస్తోంది’ అని బండి అప్పజెప్పి వెళ్లిపోకండి. ఎంత స్పీడులో, ఎటు తిరిగినప్పుడు, బ్రేకు మీదా, చల్లగానా వేడిగానా అన్నవి చెప్పి, స్పీడోమీటర్ కనిపించేలా తీసిన ఫోన్ వీడియో వినిపించండి. మేస్త్రీని పక్కన కూర్చోబెట్టుకుని అదే రోడ్డు మీద ఒక చుట్టు తిప్పండి. నడిపి చూడకుండా షాక్ అబ్జార్బర్లు నాలుగూ మార్చాలన్నవాళ్ల దగ్గర ఆగొద్దు. వందల్లో పోయే లింక్‌కి వేలు పెట్టేవాళ్లు చాలామంది ఇలాగే పెడుతున్నారు. పార్టు మార్చాక పాతది చేతిలోకి తీసుకుని చూడండి. అరిగిన లింక్ బాల్ వేలితో కదిపితేనే లూజుగా ఆడుతుంది.

పంక్చర్ వేయించిన తర్వాత ‘దడదడ’ మొదలైతే అక్కడికక్కడే ఆపాలి, వీల్ నట్లు వదులై ఉండొచ్చు. ఎదురెదురు నట్లు మార్చి మార్చి బిగించి, 50–100 కి.మీ. తర్వాత మరోసారి చూడాలి. ఈ దడదడ తీరకపోయినా, బ్రేకులో ఇనుము ఇనుముని రాసే గరగర ఉన్నా, స్టీరింగ్ తిప్పితే కొట్టుకుంటున్నా కారుని కొండెక్కించకండి. అలిపిరిలో పార్క్ చేసి ఆర్టీసీ బస్సులో వెళ్లండి. ఇప్పుడు ఎలక్ట్రిక్ బస్సులు కూడా తిరుగుతున్నాయి, పెద్దవాళ్లకు ఆ ప్రయాణమే సుఖం.

మిట్టలో రెండు శబ్దాలు వినండి. పెద్ద గేరులో ఇంజిన్ మూలుగుతూ ‘కటకట’ మంటే గేరు తగ్గించండి, చాలావరకు ఆగిపోతుంది. మెలికలో స్టీరింగ్ బాగా తిప్పి యాక్సిలేటర్ ఇచ్చినప్పుడు లెక్కగా ‘టక్ టక్ టక్’ మంటే సీవీ జాయింట్ (ఇంజిన్ శక్తిని తిరిగే చక్రానికి అందించే కీలు). చక్రం లోపలి అంచు మీద గ్రీజు చిమ్మి ఉంటే దాని రబ్బరు బూటు చిరిగినట్టే. దుమ్ము చేరకముందే బూటు ఒక్కటే మార్చుకుంటే ఖర్చు తగ్గుతుంది.

పైన రాత్రి మంచు పడితే పొద్దున మొదటి నాలుగైదు బ్రేకులకు ‘గర్ర్’ మంటుంది. డిస్కు మీద పట్టిన పల్చటి తుప్పు అది, అరిగిపోగానే ఆగిపోతుంది. కోతులు వైపర్ రబ్బరు లాగేసినా, యాంటెన్నా వంచినా గాలికి కొత్త ఈల పుడుతుంది, బయల్దేరే ముందు అవి చూసుకోండి.

దిగేటప్పుడు రెండో గేరులోనే ఉండండి, ఎలాగూ 40 నిమిషాల కంటే ముందు కింద గేటు చేరకూడదు. సన్నగా ఆగకుండా కీచుమంటూ ఉంటే డిస్కుకీ వెనక రేకుకీ మధ్య చిన్న రాయి ఇరుక్కుని ఉంటుంది. చదునుగా ఉన్న చోట ఆగి నాలుగడుగులు రివర్స్ చేస్తే చాలాసార్లు రాలిపోతుంది. పెడల్ మెత్తబడి లోపలికి పోతుంటే సంగతి వేరు, అక్కడ బ్రేక్ ఆయిల్ మరుగుతోంది. కొత్త డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ 205 డిగ్రీల సెల్సియస్ దాకా ఓర్చుకుంటుంది, తేమ పీల్చాక అది 140కి పడిపోతుంది. డాట్ 4కి ఇవే అంకెలు 230, 155. రెండేళ్లు దాటిన ఆయిల్‌తో ఘాట్ దిగడం మంచిది కాదు.

అలిపిరి చేరాక ఆగి, నాలుగు చక్రాల దగ్గరా అరచేయి పెట్టండి, తాకొద్దు. ఒక్క చక్రం నుంచే సెగ ఎక్కువ కొడుతుంటే ఆ క్యాలిపర్ (బ్రేకు ప్యాడ్లని డిస్కుకి నొక్కే భాగం) వదలడం లేదు. ఆపిన తర్వాత సైలెన్సర్ ‘టిక్ టిక్’ మంటూ చల్లారడం, ఫ్యాను కాసేపు తిరగడం మామూలే, వాటికోసం ఎవరికీ డబ్బు ఇవ్వక్కర్లేదు.