మిగిలిన ట్యాగ్ ఎందుకు మిగిలింది? వయోమింగ్ జింక వేటలో డబ్బు, దారి, బస

వయోమింగ్‌లో ప్రాంగ్‌హార్న్ జింక లైసెన్సు బయటి రాష్ట్రాల వాళ్లకు 326 డాలర్లు. దరఖాస్తు రుసుము 15. కన్జర్వేషన్ స్టాంపు ఇంకో 21.50. ఇంతా కట్టి, డాలస్ నుంచి దాదాపు వెయ్యి మైళ్లు బండి నడిపి, చివరికి కంచె ఇవతల నిలబడి అవతల మేస్తున్న మందను బైనాక్యులర్స్‌లో చూస్తూ కూర్చోవడం ఎంత ఒళ్లుమంటో మాకు తెలిసొచ్చింది. ట్యాగ్ (ఒక జంతువును వేటాడటానికిచ్చే లైసెన్సు) అసలైనదే, సీజన్ తేదీలు సరైనవే, జింకలకూ కొదవ లేదు. లేనిదల్లా కాలు పెట్టడానికి నేల. "ఈ డబ్బుకి మన హలాల్ కొట్లో మంచి మేకపోతు వచ్చేది బావా" అని మా బావమరిది దారి పొడవునా అంటూనే ఉన్నాడు. అతన్ని తప్పుపట్టలేం.

అక్కడి లెక్క ఇలా ఉంటుంది. జింక ట్యాగులకు జూన్ మొదట్లోపు దరఖాస్తు చేయాలి, ఫలితాలు ఆ నెలలోనే వస్తాయి. ఆ డ్రాలో (లాటరీలో) పోకుండా మిగిలిన ట్యాగులు వేసవిలో ఆన్‌లైన్లో ముందొచ్చినవాళ్లకు ముందు పద్ధతిన ఇస్తారు. ఏటా పోగేసుకునే ప్రిఫరెన్స్ పాయింట్లు అక్కర్లేదు, ఏళ్ల తరబడి ఎదురుచూపు లేదు, కార్డు గీకితే చాలు. కొత్తవాళ్లు పడేది ఇక్కడే. గిలెట్, సండాన్స్ వైపు ఈశాన్య మూలలో నేలలో ఎక్కువ భాగం రాంచీలదే (పశువుల్ని పెంచే ప్రైవేటు భూములు). జింకలు ఎక్కువై గడ్డి తినేస్తున్నాయని రాంచీవాళ్లు మొరపెట్టుకుంటారు, మందను తగ్గించడానికి వేటశాఖ ట్యాగులు ఎక్కువ వదులుతుంది. ఎన్ని ట్యాగులు ఇవ్వాలో జంతువుల సంఖ్యను బట్టి తేలుస్తారు, మీకు నడవడానికి దారి ఉందా లేదా అన్నది ఆ లెక్కలోకి రాదు. పబ్లిక్ నేల దొరకడం కష్టమైన ఏరియాల పక్కన ఆ సంగతి వేటశాఖవాళ్లే గుర్తుపెట్టి చెబుతారు. ఆ గుర్తు ఉన్న ఏరియాకి, చేతిలో రాంచీ అనుమతి లేకుండా, ఎంత చవకైనా ట్యాగ్ కొనొద్దు. ఆడజింక, పిల్ల ట్యాగ్ 34 డాలర్లే కదా అని ఇద్దరు ముగ్గురు కలిసి కొనేస్తుంటారు. దానికీ ఇదే మాట.

మ్యాప్ రంగులు నోటికి వచ్చి ఉండాలి. పసుపు అంటే ఫెడరల్ భూముల సంస్థ బీఎల్‌ఎమ్, ఆకుపచ్చ అటవీశాఖ, నీలం రాష్ట్రానిది, తెలుపు ప్రైవేటు. వయోమింగ్‌లో ప్రైవేటు నేల మీద బోర్డు పెట్టాల్సిన పని యజమానికి లేదు. బోర్డు కనపడలేదు అన్న మాట అక్కడ చెల్లదు, ఎవరి నేలో తెలుసుకోవాల్సింది వేటగాడే. ఆన్‌ఎక్స్ లాంటి ఫోన్ యాప్ తప్పదు. అన్ని రాష్ట్రాల మ్యాపులూ ఉండే ఆన్‌ఎక్స్ ఎలీట్ ఏడాదికి 99.99 డాలర్లు. మోటల్ వైఫై ఉండగానే మ్యాపులు ఫోన్లోకి దించుకోవాలి. ఊరు దాటిన కాసేపటికే సిగ్నల్ పోతుంది. కౌంటీ రోడ్డు మీద నడపొచ్చు గానీ రోడ్డు మీద నుంచి, రోడ్డుకి అడ్డంగా కాల్చకూడదు. రెండు చక్రాల జాడలున్న మట్టిదారి మ్యాప్‌లో ఉన్నంత మాత్రాన పబ్లిక్ దారి అనుకోవద్దు. మధ్యలో తెల్లముక్క తగిలితే అక్కడితో ఆగిపోవాలి.

ఇక రాంచీ అనుమతి. ఇక్కడే మాకు గట్టి దెబ్బ తగిలింది. ఒక రాంచీ మనిషి ఫోన్లో తలకి 400 డాలర్లు అన్నాడు. గేటు దగ్గరికి వెళ్లాక 600 అన్నాడు, అదీ నగదు. పచ్చికలోకి వెళ్తే అప్పటికే ఇంకో రెండు పికప్‌లు తిరుగుతున్నాయి. ఉదయం తొమ్మిదికల్లా మంద పక్క రాంచీలోకి దూకింది. నిజానికి ప్రాంగ్‌హార్న్ కంచె దూకడం అరుదు, అడుగు తీగ కింద నుంచి దూరిపోతుంది. దూరిన చోట తీగకు తెల్లని వెంట్రుకలు చిక్కుకుని ఉంటాయి. అవి చూసి "ఆనవాలు దొరికింది" అని సంబరపడటం తప్ప మాకు ఇంకేం మిగల్లేదు. ఇలాంటి ఒప్పందం చేసుకునేటప్పుడు నాలుగు సంగతులు మెసేజ్‌లో రాయించుకోవాలి. ఏ తేదీలు, ఏ పచ్చిక, ఆ రోజు ఇంకెంత మంది, మొత్తం ఎంత. గుండు తగిలిన జంతువు పక్కవాడి నేలలోకి వెళ్లి పడితే తెచ్చుకోవడానికి కూడా ఆ పక్కవాడి అనుమతి కావాలి, కాబట్టి అతని నంబరు ముందే అడిగి పెట్టుకోవాలి. పంట కోతలప్పుడు, దూడల అమ్మకాలప్పుడు ఫోన్ చేస్తే విసుక్కుంటారు. జూలైలోనే అడగండి, అక్టోబరులో మర్యాదగా గేటు మూయండి. తెరిచి ఉన్న గేటు తెరిచే ఉంచాలి, మూసి ఉన్నది మూసే వెళ్లాలి.

మోటల్ సంగతి చెప్పకపోతే ఈ రాతకి అర్థం లేదు. వేట సీజన్లో ఆ చిన్న ఊళ్లలో గది దొరకడమే గగనం. మామూలు రోజుల్లో 80 డాలర్లకి ఇచ్చే గది మాకు రాత్రికి 149, పైన పన్ను. బుక్ చేసేటప్పుడు "వేటగాళ్లకు ఫ్రీజర్ ఉంది" అని రాసుంది. వెళ్లి చూస్తే ఆ ఫ్రీజర్లో ఐస్‌క్రీము డబ్బాలు, ఓనరు గారి చేపలు. మాంసం పెట్టుకుంటామంటే పెట్టెకి రోజుకి 20 డాలర్లు అన్నారు. గదిలో హీటరు ఆన్ చేస్తే కాలిన దుమ్ము వాసన, ఆపితే గడ్డకట్టే చలి. దుప్పటి అడిగితే ఒక్కటిచ్చి చేతులు దులుపుకున్నారు. దిగేటప్పుడు బిల్లులో "వేట జంతువుల శుభ్రత" పేరుతో 50 డాలర్లు. జంతువు గడప కూడా దాటలేదని చెబితే కౌంటరు దగ్గరున్నావిడ ప్రింటరు వైపు చూస్తూ "సిస్టమ్ వేసేసింది సార్" అన్నట్టుగా భుజాలెగరేసింది. గది తీసుకునే ముందే ఫోన్ చేసి మూడు ప్రశ్నలు అడగండి. ఫ్రీజర్లో ఖాళీ ఎంత, బయట నీళ్ల పైపు ఉందా, వేటగాళ్లకు అదనపు రుసుము ఉందా. మంచి మోటళ్లు ఈ మూడింటికీ తడుముకోకుండా చెబుతాయి, వెనకాల కాంక్రీటు గచ్చు, వేలాడదీసే కొక్కెం కూడా ఉంటాయి.

దిగులు తీర్చింది థండర్ బేసిన్ గడ్డినేల. అటవీశాఖ ఆధీనంలో ఉన్న దాదాపు అయిదున్నర లక్షల ఎకరాలు, ప్రైవేటు నేలతో కలగాపులగంగా ఉంటుంది. మా ట్యాగ్ ఏరియాలోకి దాని ఓ అంచు వచ్చింది. ఏరియా హద్దు ఎక్కడ మారుతుందో గమనించుకోవాలి, రోడ్డుకి ఆ పక్క ఇంకో ఏరియా అయితే మీ ట్యాగ్ అక్కడ పనికిరాదు. డగ్లస్ ఊళ్లోని రేంజరు ఆఫీసులో వాహనాల దారుల మ్యాపు ఉచితంగా ఇస్తారు. (ఆ ఊరి నడిబొడ్డున కొమ్ముల కుందేలు విగ్రహం ఉంది, పిల్లలు వెంట ఉంటే ఫొటోకి ఓ పది నిమిషాలు పోతాయి.) గుడారం వేసుకుంటే పైసా లేదు. నీళ్లు, కట్టెలు, మరుగుదొడ్డి ఏవీ ఉండవు, మనిషికి రోజుకి కనీసం ఒక గ్యాలన్ నీళ్లు మోసుకెళ్లాలి. నీలం రంగు రాష్ట్ర నేలలో మాత్రం వేటాడొచ్చు గానీ రాత్రి బస, నిప్పు కుదరవు. అది తెలియక అక్కడే డేరా వేసేవాళ్లు ఎక్కువ.

వాన పడితే ఆ మట్టిదారుల్లోకి దిగొద్దు. బెంటొనైట్ కలిసిన బంకమట్టి టైరుకి పొరలు పొరలుగా అంటుకుని, చక్రం తిరగడం మానేస్తుంది. నాలుగు చక్రాల బండైనా అంతే. పొద్దున్నే నేల గడ్డకట్టి ఉండగా లోపలికెళ్లి, ఎండకి కరిగాక బయటికి రాలేక రాత్రిదాకా కూర్చున్న బండ్లు కనిపిస్తూనే ఉంటాయి. పది పొరల గట్టి టైర్లు, నిండు సైజు స్టెప్నీ, గాలిపంపు, పార ఉండాలి. పాకుతూ దగ్గరికెళ్లేటప్పుడు నేలంతా నాగజెముడే. మోకాళ్లకి ప్యాడ్లు, తోలు చేతితొడుగులు, జేబులో ముళ్లు తీసే పట్టకారు. ఈ పట్టకారు ఎవరూ చెప్పరు, సాయంత్రం అందరూ దాన్నే అడుగుతారు.

కంచె కష్టాలకి ఇంకో జవాబు వాక్-ఇన్ ఏరియాలు. రాంచీవాళ్లకి వేటశాఖ డబ్బిచ్చి వాళ్ల నేలని జనానికి తెరిపిస్తుంది. బండి పార్కింగులో వదిలి నడిచి వెళ్లాలి, అనుమతి చీటీ అక్కర్లేదు, కానీ ఒక్కోదానికి తేదీలు వేరు. హంటర్ మేనేజ్‌మెంట్ ఏరియా అయితే ఆన్‌లైన్లో ఉచితంగా చీటీ తీసుకుని దగ్గర ఉంచుకోవాలి, కొన్నిటికి చీటీల సంఖ్య పరిమితం. ట్యాగ్ కొనకముందే ఈ రెండు రకాల మ్యాపులూ మీ ఏరియా మీద పరిచి చూడండి. మేం కాల్చిన మగజింక వాక్-ఇన్ నేలలోనే దొరికింది, 600 డాలర్ల పచ్చికలో కాదు.

మూలదాటు (ఒక ప్రభుత్వ నేల ముక్క నుంచి ఇంకోదానిలోకి మూల మీదుగా దాటడం) సంగతి అందరూ అడుగుతున్నారు కాబట్టి చెబుతాను. 1862 నుంచి రైలు కంపెనీలకిచ్చిన భూముల వల్ల దక్షిణ వయోమింగ్‌లో ఐ-80 పొడవునా నేల చదరంగం పలకలా ఉంటుంది. 640 ఎకరాల ముక్క ప్రైవేటుది, పక్కది ప్రభుత్వానిది. రెండు ప్రభుత్వ ముక్కలు మూల దగ్గర మాత్రమే తాకుతాయి. కార్బన్ కౌంటీలోని ఎల్క్ మౌంటెన్ దగ్గర 2021లో మిస్సోరి వేటగాళ్లు నలుగురు ఆ మూల మీద నిచ్చెన వేసి, ప్రైవేటు నేలని తాకకుండా దాటారు. క్రిమినల్ కేసులో 2022లో జ్యూరీ వదిలేసింది. రాంచీ యజమాని వేసిన సివిల్ దావాలో 2023లో ఫెడరల్ జడ్జి, 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీలు కోర్టు వేటగాళ్ల పక్షానే తీర్పిచ్చాయి. ఆధారం 1885 నాటి అక్రమ కంచెల చట్టం. అదే ఏడాది అక్టోబరులో సుప్రీంకోర్టు విచారణకు తీసుకోనంది. ఈ తీర్పు వయోమింగ్, కొలరాడో, యూటా, న్యూమెక్సికో, కాన్సస్, ఓక్లహోమాలకే. మోంటానా తొమ్మిదో సర్క్యూట్‌లో ఉంది, అక్కడ మూల దాటడం చట్టవిరుద్ధమనే వేటశాఖ చెబుతోంది. ఇంకో మెలిక, ఫోన్ జీపీఎస్ తెరిపి నేలలోనూ 15 అడుగులు అటూ ఇటూ చూపిస్తుంది. సర్వేవాళ్లు నాటిన ఇత్తడి మూత కళ్లారా కనిపిస్తేనే దాటండి, యాప్ గీతని నమ్మి కాదు. కంచె స్తంభాన్ని పట్టుకోకండి.

ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) కోసం వెళ్లే వాళ్లకి ఇంకో అడ్డు ఉంది. వైల్డర్‌నెస్ అని ఫెడరల్ ప్రభుత్వం ప్రకటించిన అడవుల్లో బయటి రాష్ట్రం వాళ్లు పెద్ద జంతువుల్ని వేటాడాలంటే లైసెన్సున్న గైడు ఉండాలి, లేదా అక్కడి నివాసి ఉచిత అనుమతి తీసుకుని తోడు రావాలి. నడవడానికి, చేపలు పట్టడానికి లేని ఈ నిబంధన వేటకే ఎందుకో గైడ్లని నడిపే అవుట్‌ఫిటర్లనే అడగాలి.

హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ముఖ్యమైనది. వలసేతర వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. స్నేహితుడి రైఫిల్ కాసేపు చేతిలోకి తీసుకోవడం కూడా అందులోకే వస్తుంది. అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు ఉంటే మినహాయింపు. లైసెన్సు గడువు ముగిసిన మర్నాడు ఆ మినహాయింపూ పోతుంది. గ్రీన్‌కార్డు వాళ్లకి ఈ బెడద లేదు. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వయోమింగ్‌లో హంటర్ సేఫ్టీ సర్టిఫికెట్ కావాలి, టెక్సస్‌లో తీసుకున్నదైనా చెల్లుతుంది. విమానంలో అయితే గుళ్లు తీసేసిన తుపాకీ తాళం వేసిన గట్టి పెట్టెలో పెట్టి, కౌంటరులో చెప్పి చెక్-ఇన్ చేయాలి.

జంతువు పడ్డాక మొదటి పని కత్తి తీయడం కాదు. లైసెన్సులోని కార్కస్ కూపన్ మీద తేదీ వేసి, సంతకం పెట్టి, చింపి, అక్కడి నుంచి కదిలే ముందే జంతువుకి కట్టాలి. మగో ఆడో తెలిసే గుర్తు మాంసంతో పాటు ఉండాలి. నారింజ లేక గులాబీ రంగు మెరిసే టోపీయో చొక్కాయో ఒక్కటైనా ఒంటి మీద ఉండాలి. వార్డెన్ (వేటశాఖ అధికారి) వచ్చి అడిగింది ఇవే, రెండు నిమిషాల్లో పని ముగించి, దగ్గర్లో బురద లేని దారి కూడా చెప్పి వెళ్లాడు.

అక్టోబరు మధ్యాహ్నాలు వేడెక్కుతాయి. జింక తోలు వెంటనే ఒలిచేయాలి, లేకపోతే మాంసం చెడు వాసన పట్టి "జింకమాంసం తినలేం" అన్న చెడ్డపేరు వస్తుంది. ఎముక తీస్తే 30 నుంచి 40 పౌన్లు వస్తుంది. సంచుల్లో కట్టి ఐస్ మీద పెట్టండి, కరిగిన నీళ్లలో నానకుండా పెట్టె అడుగున నీళ్లు పోయే మూత తెరిచి ఉంచండి. ఊళ్లో కోసి ప్యాక్ చేసే కొట్టువాళ్లు 165 డాలర్లు, వారం ఆగమన్నారు. మేం గుడారం దగ్గరే కోసుకున్నాం. లోపలి వెన్నుకండని బొటనవేలంత ముక్కలు చేసి, ఇనప పెనం మీద ఉల్లిపాయ, వెల్లుల్లి, ఇంటినుంచి తెచ్చిన గొడ్డుకారంతో నాలుగు నిమిషాలు వేయిస్తే చాలు, అంతకంటే ఎక్కువ వేగితే తోలులా సాగుతుంది. మేకపోతు మాట ఆ పూట మా బావమరిది ఎత్తలేదు.

వచ్చే ఏడాదికి చూసుకునేవాళ్లు జూలై 1 నుంచి అక్టోబరు చివరిదాకా 31 డాలర్లకి జింక ప్రిఫరెన్స్ పాయింటు కొనుక్కోవచ్చు. రెడ్ డెజర్ట్ లాంటి పబ్లిక్ నేల విస్తారంగా ఉన్న చోట్లకి పాయింట్లు చాలా పోగేయాలి. మామూలు లైసెన్సుకి బదులు 1,200 డాలర్లు కట్టే స్పెషల్ డ్రాలో పోటీ కొంత తక్కువ, కానీ దానివల్ల దొరికేది వేరే నేల కాదు, అదే ట్యాగ్.