పైన అంతస్తు వేయాలా, పక్కన గది వేయాలా: ఉన్న ఇంటిని పెంచాలంటే ఏది మేలు?

కొడుక్కి పెళ్లి కుదిరినా, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలను దగ్గరకు తెచ్చుకోవాలనుకున్నా, ఇంకో రెండు గదులుంటే బాగుండు అనిపిస్తుంది. వెంటనే మేస్త్రీని పిలిచి అడుగుకు ఎంత తీసుకుంటావని అడుగుతాం. రేటు కంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇప్పుడున్న పునాదిని ఎంత బరువుకు వేశారు? అది తెలిస్తే పైనా, పక్కనా అన్నది సగం తేలిపోతుంది.

ముందు ఇల్లు ఏ రకమో చూడండి. పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబ్ ఆనిన ఇళ్లు మన ఊళ్లలో ఇంకా చాలా ఉన్నాయి. పాతవాటిలో ఇటుకల మధ్య సిమెంటు బదులు మట్టో సున్నమో ఉండటం మామూలే. ఓ మూల ప్లాస్టరింగ్ కాస్త చెక్కి, ఇటుకల సందులో మేకుతో గీరి చూడండి. పొడిపొడిగా రాలితే పై అంతస్తు ఆలోచన అక్కడితో మానుకోవాలి. "పక్కింటివాళ్లు వేశారుగా, ఏం కాలేదుగా" అనే మాట వినొద్దు. వాళ్ల గోడ వేరు, మీ గోడ వేరు.

పిల్లర్ల ఇల్లయితే ఒక పిల్లర్ పక్కన ఫుటింగ్, అంటే పిల్లర్ కింద నేల మీద ఆనే కాంక్రీటు దిమ్మ, కనిపించేదాకా గొయ్యి తవ్వించండి. పొడవు, వెడల్పు, లోతు టేపు పెట్టి కొలవండి. లెక్క ఎలా ఉంటుందో చెబుతాను. పిల్లర్ల మధ్య దూరం 12 అడుగులనుకుందాం. మధ్య పిల్లర్ మీదకు వచ్చే వైశాల్యం 144 చదరపు అడుగులు. స్లాబ్, బీములు, గోడలు, టైల్స్, మనుషులు, సామాను అన్నీ కలిపి చదరపు అడుగుకు సుమారు 100 కిలోలు వేసుకుంటే, ఒక్క అంతస్తుకే 14, 15 టన్నులు. ఇప్పుడు ఫుటింగ్ 4 అడుగులకు 4 అడుగులు ఉందనుకోండి. గట్టి మొరం నేల చదరపు మీటరుకు 15 టన్నులు మోస్తుందంటే ఆ ఫుటింగ్ మోయగలిగేది దాదాపు 22 టన్నులు. ఒక అంతస్తుకు హాయిగా సరిపోతుంది, రెండింటికి చాలదు. అదే 5 అడుగులకు 5 అడుగుల ఫుటింగ్ అయితే 35 టన్నుల దాకా వస్తుంది, రెండో అంతస్తు ధైర్యంగా వేసుకోవచ్చు. అడుగు తేడా ఇంత పని చేస్తుంది. నల్లరేగడి నేలయితే ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి. పైగా వానకు ఉబ్బి, ఎండకు బీటలు తీసే నేల అది. ఇది చేతి లెక్క మాత్రమే, చివరి మాట స్ట్రక్చరల్ ఇంజినీరుదే. ఇంకొకటి, తవ్వడం సులువని అందరూ బయటి పిల్లర్ దగ్గరే తవ్విస్తారు. ఎక్కువ బరువు మోసేది ఇంటి మధ్యలో ఉన్న పిల్లర్. పాత డ్రాయింగ్ దొరక్కపోతే లోపలి ఫ్లోరింగ్ ఒకచోట తీయించైనా దాన్ని చూడాలి.

డాబా మీద పైకి వదిలిన పిల్లర్ రాడ్లను చూసి "అప్పుడే పైకి ప్లాన్ చేశారులే" అని ధీమా పడతాం. రాడ్లు వదిలినంత మాత్రాన కింద ఫుటింగ్ పెద్దది వేశారని కాదు. ఆ రాడ్లు ఏళ్ల తరబడి వానలో నాని ఉంటాయి. వైరు బ్రష్‌తో రుద్దితే పైపై తుప్పు పోయి గట్టి ఇనుము కనిపిస్తే పర్వాలేదు. పొరలు పొరలుగా ఊడి రాడ్ సన్నబడిందంటే మాత్రం దానికి కొత్త రాడ్ కట్టి పిల్లర్ లేపకూడదు. ఎంత పొడవు మిగిలిందో కూడా ముఖ్యం. 16 ఎంఎం రాడ్‌కు కొత్త రాడ్‌ను జత చేయాలంటే రెండున్నర అడుగులకు పైనే కావాలి. చాలా డాబాల మీద ఉన్నది అడుగు, అడుగున్నర. కాంక్రీటు బలం చూడటానికి స్ప్రింగు సుత్తితో తట్టి చూసే హామర్ టెస్టు చేయిస్తారు. మంచిదే గానీ అది పై పొర గట్టితనాన్నే చెబుతుంది. పాత కాంక్రీటు పై పొర కాలంతో గట్టిపడి రీడింగు ఎక్కువగా చూపిస్తుంది. అనుమానం ఉంటే కోర్, అంటే లోపలి కాంక్రీటు ముక్కను డ్రిల్లుతో, తీయించి పరీక్ష చేయించండి.

ఇవన్నీ బాగుంటే పై అంతస్తు మంచి బేరమే. స్థలం పోదు, అద్దెకిచ్చినా రాకపోకలు వేరుగా ఉంటాయి. కట్టేటప్పుడు ఒక్కటి గట్టిగా పట్టుకోండి: కింద బీమ్ ఉన్నచోటే పైన గోడ రావాలి. 10 అడుగుల ఎత్తున తొమ్మిదంగుళాల ఎర్ర ఇటుక గోడ అడుగు పొడవుకు 400 కిలోల దాకా తూగుతుంది. దాన్ని బీమ్ లేని స్లాబ్ నడుమ పెడితే కింది గది సీలింగ్‌లో పగులు వస్తుంది. అడ్డుగోడలకు ఏఏసీ బ్లాకులు (గాలి బుడగలుండే తేలిక కాంక్రీటు ఇటుకలు) వాడితే గోడ బరువు మూడో వంతుకు దిగుతుంది.

పక్కనో వెనకో గది వేయడంలో పాత పునాది మీద భారం పడదు. మెట్లెక్కలేని అమ్మానాన్నల కోసమైతే నా ఓటు నిస్సందేహంగా దీనికే. మోకాళ్ల నొప్పులున్న మనిషికి మేడ మీది గది ఎంత బాగున్నా ఉపయోగం లేదు. అయితే చాలామంది మరిచిపోయేది వెలుతురు. వెనక గది వేయగానే ఇప్పుడున్న వంటగదికో బెడ్రూముకో ఉన్న ఒక్క కిటికీ మూసుకుపోతుంది. పగలు కూడా లైటు వేసుకునే ఇల్లవుతుంది. ప్లాను గీసేటప్పుడే ఆ కిటికీకి దారి చూపించమనండి. సెప్టిక్ ట్యాంకు, సంపు ఎక్కడున్నాయో కూడా చూసుకోవాలి.

రెండో చిక్కు అతుకు దగ్గర. పాత ఇల్లు ఎప్పుడో కుదురుకుంది, కొత్త పునాది ఇంకా కొంత దిగుతుంది. రెండు గోడలనూ ఇటుకలతో కలిపి కట్టేస్తే మొదటి వానాకాలం తర్వాత సరిగ్గా అక్కడే నిలువు పగులు తేలుతుంది. మధ్యలో జాయింట్ వదిలి, నీళ్లు దిగకుండా పైన కప్పు వేయించడమే సరైన పద్ధతి. కొత్త గొయ్యి పాత ఫుటింగ్ అట్టడుగు కంటే కిందికి పోకూడదు.

స్థలం చుట్టూ వదలాల్సిన సెట్‌బ్యాక్ మాట కూడా ఉంది. తెలంగాణలో 2012 నాటి జీవో 168, ఆంధ్రప్రదేశ్‌లో 2017 నాటి భవన నియమాలు చూడాలి. చిన్న ప్లాట్లలో పక్క గదికి అడ్డు వచ్చేది ఎక్కువగా ఇదే. పాత అనుమతి గ్రౌండ్‌కే ఉంటే పై అంతస్తుకు మళ్లీ తీసుకోవాలి. అనుమతి పొందిన ప్లాను లేకుండా బ్యాంకు లోను కూడా కష్టం.

ఫుటింగ్ చాలదు, పక్కన జాగా లేదు అన్నవాళ్లకు మూడో దారి స్టీలు ఫ్రేము మీద పఫ్ ప్యానెళ్ల (రెండు రేకుల మధ్య ఫోమ్ నింపిన పలకల) గది. ఐదంగుళాల స్లాబ్ చదరపు అడుగుకు దాదాపు 29 కిలోలు తూగితే, 50 ఎంఎం ప్యానెల్ కిలో, కిలోన్నరలోపే. స్టీలు స్తంభాలు మాత్రం కింది పిల్లర్ల నెత్తి మీదే నిలవాలి. ఉత్త రేకులు వద్దు, మన ఎండలకు మధ్యాహ్నం అందులో కూర్చోలేం. కోస్తాలో ఉండేవాళ్లు గాలిని లెక్కలోకి తీసుకోవాలి. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు విశాఖలో ఎన్ని పైకప్పులు లేచిపోయాయో చూశాం. బోల్టుల పని దగ్గర పైసా ఆదా చేయొద్దు. చదువుకునే పిల్లలకో, ఇంటి నుంచి పనిచేసేవాళ్లకో ఈ గది చక్కగా పనికొస్తుంది. కాపురం పెట్టడానికి నేను ఒప్పుకోను.

పడగొట్టి కట్టడం ఖర్చుతో పాటు ఏడాది అద్దె ఇంటి టెన్షన్ కూడా. కింది స్లాబ్ పెచ్చులూడి రాడ్లు కనిపిస్తూ, గోడలు మట్టివైతే అదే దారి. ఆ స్థితిలో ఉన్న ఇంటికి కొత్త గది అతికించడం డబ్బు దండగ. ఇంజినీరు చేత పిల్లర్లు, ఫుటింగ్‌లు చూపించి, ఆయన సంతకం చేసిన రిపోర్టు చేతికి వచ్చాకే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వండి.