పీఎఫ్‌సెన్స్ కన్సోల్ మెనూ: కొన్నేళ్ల వాడకం తర్వాత

తిరుపతి రైల్వే స్టేషనుకు దగ్గరలోని ఒక లాడ్జిలోనూ, అలిపిరి దారిలోని ఒక హాస్టల్లోనూ పీసీ ఇంజిన్స్ వారి ఏపీయూ2 అనే చిన్న కంప్యూటర్ బోర్డుల మీద పీఎఫ్‌సెన్స్ అనే రూటర్ సాఫ్ట్‌వేర్ వేసి, వాటినే రూటర్లుగా కొన్నేళ్లుగా నడుపుతున్నాను. రోజువారీ పనులన్నీ వెబ్ పేజీలోనే జరిగిపోతాయి. ఆ పేజీ తెరుచుకోనప్పుడు ఆదుకునే కన్సోల్ మెనూ, అంటే కంప్యూటర్‌ను కేబుల్‌తో నేరుగా రూటరుకు కలిపితే కనిపించే అక్షరాల మెనూ గురించే ఈ సమీక్ష.

ఏపీయూ2కు మానిటర్ పెట్టే వీలు లేదు, తొమ్మిది పిన్నుల సీరియల్ పోర్టే దిక్కు. దానికి నల్ మోడెమ్ కేబుల్, అంటే 2, 3 పిన్నులు అటూ ఇటూ మారిన కేబుల్ కావాలి. మామూలు సీరియల్ కేబుల్ పెడితే కంప్యూటర్ తెర మీద ఏమీ రాదు. కంప్యూటర్లో సీరియల్ పోర్టును తెరిచే పుట్టీ అనే ప్రోగ్రాములో వేగం 115200 పెట్టాలి. సిస్కో రూటర్ల అలవాటుతో 9600 పెడితే పిచ్చి గుర్తులు తప్ప అక్షరాలు కనిపించవు.

ఎంటర్ నొక్కగానే 0 నుంచి 16 వరకు అంకెలతో మెనూ వస్తుంది. దాని విలువ నాకు పూర్తిగా తెలిసింది లాడ్జిలో ఇంటర్నెట్ సంస్థ వారు తమ పెట్టె మార్చినప్పుడు. కొత్త పెట్టె కూడా 192.168.1.1 చిరునామాతోనే వచ్చింది. మా ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) చిరునామా కూడా అదే కావడంతో, జవాబును ఏ వైపు పంపాలో రూటరుకు తేలక, గదుల్లో నెట్ ఆగిపోవడమే కాక రూటర్ పేజీ కూడా తెరుచుకోలేదు. బ్రహ్మోత్సవాల రద్దీ రోజులవి, గదులన్నీ నిండి ఉన్నాయి. కన్సోల్లో 2 నొక్కి, ల్యాన్‌ను ఎంచుకుని, 192.168.50.1 అని, సబ్‌నెట్‌కు (నెట్‌వర్క్ పరిమాణానికి) 24 అని ఇచ్చాను. గేట్‌వే (బయటికి దారి చూపే చిరునామా) అడిగిన చోట ఏమీ రాయకుండా ఎంటర్ నొక్కాలి, ఎందుకంటే అది వ్యాన్‌కు, అంటే ఇంటర్నెట్ వైపు పోర్టుకు మాత్రమే కావాలి. డీహెచ్‌సీపీ (పరికరాలకు చిరునామాలు వాటంతటవే పంచే సేవ) కావాలా అన్న ప్రశ్నకు 'వై' అని చెప్పి మొదటి, చివరి చిరునామాలు ఇవ్వడం తప్పనిసరి. 'ఎన్' అంటే ఉన్న డీహెచ్‌సీపీ కూడా ఆగిపోయి, ఫోన్లకు చిరునామాలు అందవు. తర్వాత రిసెప్షన్ కంప్యూటర్ కేబుల్ ఒకసారి తీసి పెట్టగానే కొత్త చిరునామా వచ్చింది. మేనేజరు గారు అక్కడే నిలబడి చూస్తుండగానే పని ముగిసింది.

1వ అంశంలో పోర్టులను కేటాయించవచ్చు. పీఎఫ్‌సెన్స్ పోర్టులకు పెట్టే పేర్లలో ఏ పోర్టు ఐజీబీ0, ఏది ఐజీబీ1 అన్నది గుర్తులేకపోతే కేబుళ్లన్నీ తీసేసి, 'ఏ' అని కొట్టి, కావలసిన పోర్టులో మాత్రమే కేబుల్ పెడితే అదే పసిగడుతుంది. ఇంత ఆలోచించి చేసిన సదుపాయాన్ని ఖరీదైన రూటర్లలోనూ నేను చూడలేదు. సెట్టింగులు చెడినప్పుడు 15తో పాత కాన్ఫిగరేషన్‌ను (సెట్టింగుల ప్రతిని) వెనక్కి తెచ్చుకోవచ్చు.

నాకు నచ్చనిది ఒకటుంది. ఈ మెనూకు మొదట్లో పాస్‌వర్డ్ ఉండదు. కేబుల్ తగిలించగలిగిన ఎవరైనా 3 నొక్కి అడ్మిన్ పాస్‌వర్డును తొలి స్థితికి తేవచ్చు. వెబ్ పేజీలోని అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో కన్సోల్‌కు పాస్‌వర్డు పెట్టే వీలుంది. పది మంది తిరిగే లాడ్జిలో అది వెంటనే పెట్టాలి, రూటరును తాళమున్న పెట్టెలో ఉంచాలి. ఫ్యాక్టరీ రీసెట్ 4గా, రీబూట్ 5గా పక్కపక్కనే ఉండడం కూడా బాగాలేదు. రెండింటికీ నిర్ధారణ అడుగుతుంది గనుక సరిపోయింది.

ఏపీయూ బోర్డులను నిలిపివేస్తున్నట్టు పీసీ ఇంజిన్స్ 2023లో ప్రకటించింది. ఇప్పుడు వేరే పెట్టె కొనేవారు ధర, వేగం చూసే ముందే దానికి కన్సోల్ పోర్టు ఉందో లేదో చూసుకుని, సరిపడే కేబుల్‌ను కూడా అప్పుడే కొని పెట్టెలోనే ఉంచాలి.