గ్లాసీనా, మ్యాటా? ఇంట్లో ఫొటో ప్రింటుకు ఏది మేలు

అమ్మ గద్వాల చీర కట్టుకున్న ఫొటో ఒకటుంది. దాన్ని మా ట్యాంక్ ప్రింటర్‌లో (సీసాతో ఇంకు నింపే రకం) మెరిసే గ్లాసీ, మెరుపు లేని మ్యాట్ అనే రెండు రకాల కాగితాల మీద తీసి, నల్లగొండలో మా హాలు గోడకు పక్కపక్కనే అంటించి చూశాను.

జరీ దగ్గర గ్లాసీదే పైచేయి. అంచు మెరిసింది, ముదురు రంగు ముదురుగానే నిలిచింది. మ్యాట్ మీద నలుపు కొంచెం బూడిద రంగుకు తిరిగింది. అయితే ట్యూబ్‌లైట్ వేయగానే గ్లాసీలో అమ్మ ముఖం మీద తెల్లటి గీత పడింది. మ్యాట్‌లో ఆ బాధ లేదు. గ్లాసీ మీద వేలిముద్రలు పడతాయి, ఫ్రేము అద్దానికి ఆనించి బిగిస్తే చెమ్మకు అద్దానికే అతుక్కుపోవచ్చు. అందుకే గోడకు మ్యాట్, ప్లాస్టిక్ కవర్ల ఆల్బమ్‌కు గ్లాసీ అంటాను.

ఏ కాగితం పెట్టామో ప్రింటర్‌కు మనమే చెప్పాలి. ఒకసారి పేపర్ టైప్ ‘ప్లెయిన్’ అనే ఉండగా గ్లాసీ కాగితం పెట్టాను. అమ్మ జుట్టు నలుపంతా నా బొటనవేలికి అంటింది. కొన్ని ట్యాంక్ ప్రింటర్లలో నల్ల ఇంకు పిగ్మెంట్ (కరగని సన్న రేణువులున్నది), రంగు ఇంకులు డై (రంగు పూర్తిగా కరిగి ఉండేవి). పిగ్మెంట్ రేణువులు గ్లాసీ పూతలోకి ఇంకవు, పైపైనే ఉండిపోతాయి. ‘ఫొటో పేపర్ గ్లాసీ’ అని ఎంచుకుంటే అలాంటి ప్రింటర్ ఆ నలుపును వాడకుండా రంగులు కలిపి నలుపు తెస్తుంది. ఎంత ఇంకు చల్లాలన్నదీ ఈ సెట్టింగును బట్టే. కాగితం రేటు గురించి ఆలోచించేవాళ్లు ముందు దీన్ని సరిచూసుకోవాలి.

క్వాలిటీ ‘హై’ పెట్టండి. కాగితం 230 జీఎస్ఎం (చదరపు మీటరుకు బరువు గ్రాముల్లో) అయితే 180 కన్నా చేతికి నిండుగా ఉంటుంది, మీ ప్రింటర్ అంత మందం లాగుతుందో లేదో చూసుకోండి.

బార్డర్‌లెస్ కన్నా అంచు వదలడమే నాకిష్టం. ఫోన్ ఫొటోలు ఎక్కువగా 4:3 కొలతలో ఉంటాయి, 4×6 కాగితం 3:2. అడ్డంగా తీసిన ఫొటోను కాగితం నిండా పరిస్తే ఎత్తులో దాదాపు అర అంగుళం పోతుంది. చెర్వుగట్టు జాతరలో దిగిన ఫొటోలో వెనక వరుసలోని పెద్దబాపు తల అట్లనే తెగింది.

డై ఇంకు ఎండకు వెలిసిపోతుంది. అమ్మ మ్యాట్ ఫొటోను ఒక రోజంతా ఆరనిచ్చి, పడమటి ఎండ తగలని గోడకు పెట్టాను. గ్లాసీది మహబూబ్‌నగర్‌లో అక్క ఆల్బమ్‌లోకి పోయింది.