వికీపీడియాలో చోటు ఎవరికి? వ్యాసాలను ఎంచే పద్ధతిపై ఒక వాడుకరి సమీక్ష

వికీపీడియాను రోజూ చదివేవారిలో కూడా చాలామంది చూడని భాగం ఒకటుంది. ఏ విషయానికి పేజీ ఉండవచ్చో, దేనికి కూడదో తేల్చే పద్ధతి అది. కొన్నేళ్లుగా చదువుతూ, అప్పుడప్పుడు రాస్తూ వచ్చిన నేను ఇక్కడ సమీక్షిస్తున్నది దానినే.

తెలుగు వికీపీడియాలో దీనిని 'విషయ ప్రాముఖ్యత' అంటారు. చిక్కు ఆ మాటతోనే మొదలవుతుంది. ప్రాముఖ్యత లేదనగానే మనవారిని చిన్నచూపు చూశారని బాధపడతాం. నిజానికి అక్కడ కొలిచేది గొప్పతనాన్ని కాదు. ఆ వ్యక్తితోనో సంస్థతోనో సంబంధం లేనివారు, నమ్మదగిన పుస్తకంలోనో పత్రికలోనో, ఆ విషయం గురించి కాస్త వివరంగా రాశారా లేదా అని మాత్రమే చూస్తారు. సొంత వెబ్‌సైటు, పత్రికా ప్రకటన, ఏదో జాబితాలో ఒక్క పేరు ఇందుకు సరిపోవు. సొంత డప్పును లెక్కలోకి తీసుకోని ఈ కొలత నాకు ఎంతో నచ్చింది.

ఊళ్ల విషయంలో పట్టు కొంత సడలుతుంది, అదీ మంచిదే. ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న ఊరికి సాధారణంగా పేజీ ఉండవచ్చు. 2011 జనగణన వివరాలతో తెలుగులో వచ్చిన గ్రామాల పేజీలను తెరిస్తే బడి ఎంత దూరమో, తాగునీరు ఎక్కడి నుంచి వస్తుందో, సాగుభూమి ఎన్ని హెక్టార్లో కనిపిస్తాయి.

లోపం మనుషుల దగ్గర బయటపడుతుంది. కెనడా భౌతిక శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌లాండ్ గురించిన చిత్తుప్రతిని 2018 మే నెలలో ఇంగ్లీషు వికీపీడియాలో తిరస్కరించారు. చూపిన మూలాలు చాలవన్నారు. ఆమె అప్పటికే, 2013లో, కాంతి శాస్త్ర పరిశోధకుల సంఘమైన ఆప్టికల్ సొసైటీకి అధ్యక్షురాలిగా పనిచేశారు. పరిశోధకుల కోసం వికీపీడియా విడిగా పెట్టుకున్న కొలమానాన్ని సరిగ్గా చూసి ఉంటే ఆమె పేజీ నిలిచేదని నా అభిప్రాయం. అదే 2018లో అక్టోబరు 2న నోబెల్ బహుమతి ప్రకటించాకే ఆమెకు పేజీ వచ్చింది. నియమం ఉన్నా, దాన్ని పట్టి చూసే తీరిక సమీక్షకునికి లేకపోతే జరిగేది ఇదే. పైగా ఈ సమీక్షకులంతా జీతం లేకుండా పనిచేసేవారు.

మన దగ్గర ఈ లోటు ఇంకా లోతైనది. పల్లెల్లో జీవితమంతా హరికథ చెప్పినవారి గురించి రాసినది ఏదైనా ఉంటే అది పాత పత్రికల జిల్లా పేజీల్లోనో, సన్మాన సంచికల్లోనో ఉంటుంది. అవి గూగుల్‌లో కనిపించవు. మూలం ఇంటర్నెట్‌లోనే ఉండాలని నియమం ఎక్కడా చెప్పదు, కానీ చూసేవారి చెయ్యి ముందు వెతుకుడు పెట్టె మీదికే పోతుంది. తొలగింపు చర్చల్లో 'మూలాలు దొరకలేదు' అన్న మాటను 'మూలాలు లేవు' అన్నట్లు తీసుకోవడం నాకు అన్నింటికన్నా బాధ కలిగించే విషయం.

అయినా ఈ పద్ధతిని వాడవచ్చనే చెబుతాను. పేజీ మొదలుపెట్టకముందే కనీసం రెండు మూడు పత్రికా కత్తిరింపులు దగ్గర పెట్టుకోండి. పత్రిక పేరు, తేదీ, పుట సంఖ్య మూలంగా ఇవ్వండి; లింకు లేకపోయినా అది చెల్లుతుంది. ఎవరైనా మీ పేజీపై తొలగింపు మూస (దాన్ని తీసేయాలని సూచించే పట్టీ) పెడితే చర్చా పేజీలో ఆ వివరాలనే మళ్లీ చూపండి.